నేరేడు ఇటుకకు పంచనామా

డాక్టరు మందాకినికి పళ్ళు వృత్తి, ప్లాస్టిక్ ఇటుకలు ప్రాణం. పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి మేడలూ రైళ్ళూ కడతారే, పైన బుడిపెలుంటాయి, ఆ ముక్కలన్న మాట. కాకినాడలో తన పళ్ళాసుపత్రికి వచ్చే పిల్లలు వంతు వచ్చేదాకా ఒకర్నొకరు కొరుక్కోకుండా ఉంటారని ఒక బుట్టెడు కొని వరండాలో పెట్టింది. వాళ్ళు ఆడుకుంటుంటే తీరిక దొరికినప్పుడల్లా ఈవిడా చూసేది. చూస్తూ చూస్తూ, బుట్టలో ఉన్న రెండు ఎర్ర ఇటుకలదీ ఒకే ఎరుపు కాదని ఒకరోజు కనిపెట్టింది.

మామూలు కంటికి ఆ తేడా ఆనదు. కట్టుడు పన్ను పక్క పన్నుతో కలిసిపోవాలంటే తెలుపులో ఉన్న తెలుపులన్నీ విడివిడిగా కనపడాలి, మందాకిని కళ్ళు అలా పనిచేసి పనిచేసి రాటుదేలినవి. ఆరా తీస్తే సంగతి తెలిసింది. ఫ్యాక్టరీలో ఒక రంగు అయిపోయి మరో రంగు పోసేటప్పుడు పాత రంగు కాస్త మిషను గొంతులో ఉండిపోతుందట. ఆ మధ్యలో వచ్చే ఇటుకలు ఇటూ కాకుండా అటూ కాకుండా పుడతాయి. పనికిరావని వాటిని మళ్ళీ కరిగించేస్తారు. ఎవరి కళ్ళూ పడకుండా తప్పించుకు వచ్చేవి ఎక్కడో ఒకటీ అరా ఉంటాయి. మందాకిని ఆ తప్పించుకున్నవాటి వెంట పడింది.

జాతరల్లో, తీర్థాల్లో సంచుల్లెక్కన అమ్మేవి, పాత సామాన్ల కొట్లో మూలపడ్డవి, మూసేసిన కాన్వెంట్లు వదిలించుకున్నవి, అన్నీ నేల మీద గుమ్మరించుకుని ఏరుకునేది. అద్దాల బీరువాలో ప్లాస్టర్ దవడల పక్కన వాటిని వరసగా పేర్చింది. చింతపండు పులుసు రంగుది ఒకటి, తోమని ఇత్తడి చెంబు రంగుది ఒకటి, వానాకాలం గోడ మీది పాచి రంగుది ఇంకొకటి. వచ్చినవాళ్ళు దవడల్ని చూసి ఆశ్చర్యపోయేవారు గానీ ఇటుకల్ని చూసి ఒక్కరూ ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. ఆ లోటు ఆవిడకి లోపల ఎక్కడో ఉండేది.

వాటన్నిటిలోకీ గొప్పది మాత్రం బీరువాలో ఉండేది కాదు. కుర్చీ పక్కన స్టీలు గ్లాసులో ఉండేది. నేరేడు పళ్ళు మజ్జిగలో పిసికినట్టు ఊదా, తెలుపు ఒకదాన్నొకటి చుట్టుకుని మెలికలు తిరిగిన ఇటుక అది. అలాంటిది మళ్ళీ కనపడలేదు.

దాన్ని గ్లాసులో ఎందుకు పెట్టిందంటే, హిమజ అని ఒక ఆరేళ్ళ పిల్ల కారణం. ఆ పిల్ల కుర్చీ ఎక్కి నోరు బిగించుకుని కూర్చుంది. తల్లి బతిమాలింది, తండ్రి బెదిరించాడు, మందాకిని దగ్గర పనిచేసే నర్సు నూకరత్నం పాట కూడా పాడింది. నోరు తెరుచుకోలేదు. ఆఖరికి మందాకిని ఈ ఇటుక తెచ్చి గుప్పిట్లో పెట్టి, "గట్టిగా పట్టుకో. నొప్పేస్తే గుప్పిట పైకెత్తు, వెంటనే ఆపేస్తాను" అంది. పిల్ల ఇటుకని తిప్పి తిప్పి చూసి, "ఇందులో చేప ఉందండీ" అంది. ఆ మాట అనడానికి నోరు తెరవాల్సి వచ్చింది.

అప్పట్నుంచీ పన్ను తీయించుకునే ప్రతి పిల్లకీ ఆ ఇటుక ఇచ్చేవారు. ఒకరికి అందులో గేదె కనపడేది, ఒకరికి మేఘం, ఒకరికి వాళ్ళ తాతయ్య. నొప్పేస్తే గుప్పిట లేచేది, మందాకిని చెయ్యి ఆగేది. పని అయ్యాక పిల్లలు తమంతట తామే దాన్ని గ్లాసులో వేసి వెళ్ళేవారు. ఒక్కరు కూడా ఎత్తుకుపోలేదు.

ఇలా ఉండగా రాజధానిలో ఒక పెద్ద అధికారి విదేశాలు తిరిగి వచ్చాడు. అక్కడి జనం వింత రంగుల ఆట ఇటుకల్ని బ్యాంకు లాకర్లలో దాచుకోవడం కళ్ళారా చూశానన్నాడు. మన రాష్ట్రం ఈ విషయంలో వెనకబడి ఉందన్నాడు. వెనకబడి ఉన్నామని తేలిన మరుక్షణం నుంచి పనులు చకచకా సాగాయి. 'అపూర్వవర్ణ క్రీడేష్టికా సంరక్షణ మండలి' పుట్టింది. క్రీడేష్టిక అంటే ఆట ఇటుక. ఆ పేరు పలకలేక జనం ఇటుకల ఆఫీసు అన్నారు. కాకినాడలో దానికి పాత సైకిలు షెడ్డు ఇచ్చారు. బోర్డు కట్టిన రోజే ఒక బట్టీ యజమాని వచ్చి, లోడు ఎక్కడ దింపమంటారని అడిగి వెళ్ళాడు.

జిల్లాకి ప్రత్యేకాధికారిగా కొచ్చర్లకోట సాంబమూర్తి వచ్చాడు. సర్వీసంతా ఆహార కల్తీ పట్టుకునే శాఖలో గడిపినవాడు. పాలలో నీళ్ళు, నేతిలో డాల్డా, కారంలో రంపపు పొట్టు ఆయన కన్ను తప్పించుకోలేదు. పైసా లంచం ముట్టడు. అందువల్ల ఆయనతో ఏ పనీ జరిగేది కాదు.

ఆయన చార్జీ తీసుకోగానే మందాకిని ఆసుపత్రికి వచ్చాడు. వెంట జూనియర్ అసిస్టెంటు వీర్రాజు, అతని చేతిలో శాలువా.

"డాక్టరుగారూ, జిల్లాలో క్రీడేష్టికా రంగమున కృషి సలుపుచున్న ఏకైక వ్యక్తి తమరేనని విచారణలో తేలింది. తమరిని మండలికి గౌరవ సలహాదారుగా నియమించడమైనది" అన్నాడు సాంబమూర్తి. ఆయన మామూలుగా మాట్లాడినా కాగితం చదువుతున్నట్టే ఉండేది.

వీర్రాజు శాలువా కప్పాడు. సాంబమూర్తి బీరువా ముందు నిలబడి, "ఇందులో విశేషమేమిటో సెలవివ్వండి" అన్నాడు.

అంతే. మందాకిని మొదలుపెట్టింది. మిషను గొంతు గురించీ, పాచి రంగు గురించీ, తీర్థాల్లో సంచులు విప్పే పద్ధతి గురించీ చెప్పుకుపోయింది. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. ఇన్నేళ్ళ వృత్తిలో ఆవిడ మాట అంతసేపు విన్నవాళ్ళు నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్నవాళ్ళే. ఆ సంబరంలో ఆవిడకి ఒళ్ళు తెలియలేదు. ఇదుగో అసలైనది చూడండంటూ గ్లాసులోంచి నేరేడు ఇటుక తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది నమోదు నిమిత్తం తాత్కాలికముగా కార్యాలయమునకు రావలసి ఉంటుంది" అన్నాడాయన.

"మళ్ళీ ఎప్పుడిస్తారండీ? పిల్లలకి కావాలి."

"నమోదు ముగిసిన తక్షణమే."

జీపు వెళ్ళాక నూకరత్నం ఖాళీ గ్లాసు వంక చూసి, "ఎందుకిచ్చేశారండీ?" అంది.

"ప్రభుత్వం అడిగింది కదే."

"గవర్నమెంటోళ్ళు తీసుకున్నది ఏదైనా తిరిగొత్తాదేటండీ? మా మావయ్యగారి పొలంలో స్తంభం పాతుతావని గునపం పట్టికెళ్ళారండి. స్తంభవూ లేదు, గునపవూ లేదు."

మందాకిని శాలువా మడత పెట్టుకుంటూ నవ్వేసింది. గౌరవ సలహాదారుకి అలాంటి భయాలుండకూడదు అనుకుంది.

ఆ వారమే ఒక పిల్ల కుర్చీలో కూర్చుని ఇటుకేదని అడిగింది. బీరువాలోంచి పాచి రంగుది తీసి ఇస్తే, ఇది కాదని తిరిగిచ్చేసి ఏడుపు లంకించుకుంది. ఆ మర్నాడు ఇంకో పిల్ల నూకరత్నం వేలు కొరికింది. మందాకిని ఇటుకల ఆఫీసుకి బయల్దేరింది.

షెడ్డులో సాంబమూర్తి బల్ల మీద నేరేడు ఇటుక ఉంది. దాని నెత్తిన, సరిగ్గా బుడిపెల మధ్యన, తెల్ల ఎనామిల్ పెయింటుతో 'అ.క్రీ.సం.మం. కాకి. 1' అని రాసి ఉంది. ప్రభుత్వ కుర్చీకీ బల్లకీ నంబరు వేసే పెయింటరే దీనికీ వేశాడు. కుర్చీలకి వేసే కుంచె కావడంతో ఊదా సగం అక్షరాల కింద పడిపోయింది.

"ఇదేంటండీ?" అంది మందాకిని.

"ఆస్తి సంఖ్య. సంఖ్య లేనిచో ఆస్తి పోవును" అన్నాడు సాంబమూర్తి. "అయితే చిన్న చిక్కు వచ్చింది. అపూర్వవర్ణమనగా మండలి ఆమోదించిన అపూర్వవర్ణముల పట్టికలో ఉన్న వర్ణము. తమ ఇటుక వర్ణము పట్టికలో లేదు."

"ఇంతకు ముందు ఎవరూ చూడని రంగండీ అది. పట్టికలో ఎలా ఉంటుంది?"

"పట్టికలో చేర్చవలెనన్నచో ధ్రువీకరించిన నమూనా ఒకటి ఉండవలెను."

"ఇదే ఆ నమూనా."

"ధ్రువీకరించవలెనన్నచో వర్ణము పట్టికలో ఉండవలెను గదా" అని ఆయన జాలిగా చూశాడు. చదువుకున్న మనిషి ఇంత చిన్న విషయం గ్రహించలేకపోతోందే అని నిజంగానే బాధపడ్డాడు.

ఆయన బాధలు ఆయనకున్నాయి. జిల్లాకి లక్ష్యం వచ్చి పడింది. ప్రతి జిల్లా మూడు నెలలకోసారి పోయినసారి కన్నా ఎక్కువ అరుదైన ఇటుకలు సేకరించాలి. అరుదైనవి ప్రతిసారీ పెరుగుతూ పోతే అరుదెలా అవుతాయని మందాకిని గౌరవ సలహా ఒకటి ఇచ్చింది. ఆ సలహాని గౌరవంగా ఫైలు చేశారు.

లక్ష్యాన్ని కలెక్టరేటు మండలాలకి పంచింది, మండలాలు బళ్ళకి పంచాయి, బళ్ళు పిల్లలకి పంచాయి. రేపు అరుదైన ఇటుక తేనివాళ్ళు అమ్మానాన్నల్ని తీసుకురావాలని డైరీల్లో రాసిచ్చారు. అమ్మానాన్నలు తమకు తోచింది చేశారు. ఊరు ఊరంతా పొయ్యిల మీద ఇటుకలు ఉడికాయి. పసుపులో వేసినవి, టీ డికాషన్లో నానబెట్టినవి, బీట్‌రూట్ రసం పోసినవి, గోరింటాకు పట్టించి తెల్లారాక కడిగినవి సైకిలు షెడ్డులో గుట్టలు పడ్డాయి. వీర్రాజు ఆ గుట్టల మధ్య కూర్చుని పట్టికతో పోల్చి చూసేవాడు.

"ఇది హరిద్రావర్ణం, ఉందండి. ఇది కషాయవర్ణం, ఉందండి" అని ఒకరోజు మందాకినికి చూపించాడు. "వాసన మాత్రం రసంలా ఉందండి. కానీ రూల్సులో వాసన గురించి లేదండి."

"వీర్రాజూ, ఇవి వంటింట్లో చేసినవయ్యా."

"నాకు తెలవదాండీ? మా ఆవిడ కూడా చేసిందండి. మాకు ప్రశంసాపత్రం ఇచ్చారండి" అన్నాడు వీర్రాజు, కాస్త సిగ్గుపడుతూ.

నేరేడు ఇటుక మాత్రం పట్టికలో లేనందున పెండింగులో ఉంది. మందాకిని రెండుసార్లు కాగితం పెట్టుకుంది. ధ్రువీకరణ వద్దు, పేరు వద్దు, సలహాదారు పదవి వద్దు, తన ఇటుక తనకిచ్చేయమంది. సాంబమూర్తి ఆలోచించి, అలా సందేహంలో ఉన్న వస్తువుని వదిలేస్తే తన సర్వీసుకే మచ్చ అన్నాడు. సందేహాస్పదమైన వస్తువు విషయంలో ఏం చెయ్యాలో ఆయనకి ఒక్కటే తెలుసు. శాంపిలు తీయాలి.

ఫలానా రోజు ఉదయం హాజరు కావలసిందని మందాకినికి కబురొచ్చింది. వెళ్ళేసరికి షెడ్డులో సాక్షి సంతకాలకని ఇద్దరు పంచులు కూర్చుని ఉన్నారు. ఒకడు కలెక్టరేటు ముందర టీ కొట్టతను, ఇంకొకడు రేషన్ కార్డులో పేరు దిద్దించుకుందామని వచ్చి దొరికిపోయిన ముసలాయన. బల్ల మీద మూడు గాజు సీసాలు, లక్క, కొవ్వొత్తి, ఫార్మలిన్ బుడ్డీ ఉన్నాయి. వాటి పక్కన ఇనప రంపం ఉంది.

"రంపం ఎందుకండీ?" అంది మందాకిని.

"శాంపిలు మూడు సమభాగములు కావలెను. ఒకటి ప్రయోగశాలకు, ఒకటి కార్యాలయమునకు, ఒకటి పార్టీకి, అనగా తమరికి. పాల విషయములోనైనా, నేతి విషయములోనైనా ఇదే పద్ధతి. ఈ పద్ధతిపై నేను పెట్టిన కేసు ఒక్కటియు కొట్టివేయబడలేదు."

మందాకిని నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. "పాలు మూడు సీసాల్లో పోస్తే మూడింట్లోనూ పాలే ఉంటాయండీ. ఇటుకని మూడు ముక్కలు కోస్తే ఇంక ఇటుకెక్కడుంటుంది? లోకంలో ఇది ఒక్కటే ఉంది సాంబమూర్తిగారూ. దండం పెడతాను, కొయ్యకండి."

సాంబమూర్తి రంపం పక్కన పెట్టాడు. ఆవిడ అన్నది శ్రద్ధగా మనసులో తిప్పి చూసుకున్నాడు. టీ కొట్టతను కూడా, "మేడంగారన్నది నిజవేనండి బాబూ" అన్నాడు.

"అభ్యంతరము సహేతుకముగా ఉన్నది" అన్నాడు సాంబమూర్తి చివరికి. "పంచనామాలో నమోదు చేస్తాను." పార్టీ అభ్యంతరము తెలిపినది అని ఒక్క అక్షరం తప్పు లేకుండా రాయించాడు. ఆవిడ చేత సంతకం పెట్టించాడు. ముసలాయన చేత వేలిముద్ర వేయించాడు. తరవాత రంపం తీసుకున్నాడు.

రోజూ డ్రిల్లు చప్పుడు వినే మనిషి మందాకిని. అయినా ఆ కరకర వింటుంటే ఆవిడకి దవడ పళ్ళ దాకా జివ్వుమంది. ఊదా రంగు పొట్టు బల్ల మీద రాలింది. చేప కనపడే చోటు, మేఘం కనపడే చోటు, ఎవరి తాతయ్యో కనపడే చోటు, అన్నిటి మీదుగా రంపం వెళ్ళింది. తనకి తెలియకుండానే ఆవిడ ఎడమ గుప్పిట బిగించి పైకెత్తింది. ఎవరూ ఆపలేదు.

సీసాల్లో ముక్కలు వేశాక సాంబమూర్తి అలవాటు చొప్పున ఒక్కోదాంట్లో కాస్త ఫార్మలిన్ పోశాడు. చెడిపోకుండా ఉంటుందన్నాడు. లక్క కరిగించి సీళ్ళు వేశాడు. పార్టీ భాగం ఆవిడ చేతికిచ్చి, సీలు విప్పడం నేరమని చెప్పాడు. ఆటోలో ఇంటికొస్తూ మందాకిని సీసాని చీర కొంగులో దాచుకుని ఏడ్చింది.

ప్లాస్టిక్ పరీక్షించే చోటేదీ సాంబమూర్తికి తెలియదు. తనకి తెలిసిన ఆహార ప్రయోగశాలకే పంపాడు. వాళ్ళూ తమకి తెలిసిన పరీక్షలే చేశారు. నమూనాలో కొవ్వు శాతం శూన్యమనీ, ఆహారంలో అనుమతించని కృత్రిమ రంగులు రెండు కలిసినట్టు రుజువైందనీ, కావున నమూనా కల్తీ అనీ నివేదిక వచ్చింది. పోలిక కోసమని పంపిన పసుపులో ఉడికిన ఇటుకలో రంగు ప్రకృతిసిద్ధమైనదనీ, స్వచ్ఛమైన పసుపేననీ మెచ్చుకున్నారు.

జిల్లా ప్రదర్శన పెట్టినప్పుడు గౌరవ సలహాదారు గనక మందాకినిని ముందు వరసలో కూర్చోబెట్టారు. పసుపువీ, టీలో నానినవీ, గోరింటాకువీ గోడల నిండా ఉన్నాయి. నడిమధ్యన అద్దాల పెట్టెలో, లైటు కింద, పక్కన ఒక కానిస్టేబులు కాపలాగా, ఉత్త ఎర్ర ఇటుక ఉంది. జిల్లాలో ఎర్ర ఇటుకలన్నీ ఉడికిపోగా మిగిలినదల్లా అదొక్కటేనట. అంతకన్నా అరుదైనది మరొకటి లేదని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. అది మందాకిని వరండా బుట్టలోదే. పోయినసారి ఆసుపత్రికి వచ్చిన వీర్రాజు కూతురు ఆడుకుంటూ జేబులో వేసుకుపోయింది.

సభ అయ్యాక సాంబమూర్తి ఆవిడ దగ్గరికొచ్చి, "తమపై కల్తీ కేసు పెట్టవలసి ఉన్నా, తమ సేవలను దృష్టిలో ఉంచుకుని మందలింపుతో సరిపెట్టడమైనది" అన్నాడు. ఆయన గొంతులో నిజమైన అభిమానం ఉంది.

సీసా ఆసుపత్రిలో అలమర మీద ఉండిపోయింది. పిల్లలు కుర్చీలోంచి మెడ తిప్పి దాన్ని చూసేవారు. కొందరు అందులో ఉన్నది ఎవరి పన్నని అడిగేవారు. ఇప్పుడు పిల్లల్ని పట్టుకోడానికి ఇద్దరు కావలసి వచ్చేది. మందాకినికి వాళ్ళ చేతులు పట్టి ఉంచడం అంటే అసహ్యం వేసేది. సాయంత్రాలు సంచులు గుమ్మరించుకోవడం కూడా మానేసింది.

రాజధాని నుంచి మండలి అధ్యక్షుడు తనిఖీకి వస్తాడనగా, ఒకరోజు మధ్యాహ్నం నూకరత్నం లోపలికొచ్చి, "ఇటుకల సారొచ్చారండి. ఆయ్, ఈసారి శాలువా లేదండి. మొహం కుండలా వాచిపోయిందండి" అంది.

సాంబమూర్తి కుడి చెంప పట్టుకుని వచ్చాడు. పన్ను లోపల చీము పట్టింది, తీసెయ్యడమే మార్గం. సూది చూసేసరికి ఆయన కుర్చీ చేతుల్ని రెండు చేతులా పట్టుకున్నాడు. పాల వ్యాపారులు కర్రలు పట్టుకుని వెంటపడ్డా బెదరని మనిషికి నుదుటి మీద చెమట్లు పోశాయి.

"డాక్టరుగారూ" అన్నాడు. మొదటిసారి ఆయన గొంతులో కాగితం లేదు. "పిల్లలకి... భయం వెయ్యకుండా ఏదో ఇస్తారటగా. పట్టుకోడానికి."

"ఇచ్చేవాళ్ళం" అంది మందాకిని.

ఆయన చూపు అలమర మీది సీసా మీదికి వెళ్ళింది. ఆవిడ కూడా అటే చూసింది.

"సీలుందండి. విప్పడం నేరం" అంది మందాకిని.

"ఎవరు వేశారు?"

"తమరే."

నొప్పి ఇంకో పోటు పొడిచింది. సాంబమూర్తి కళ్ళు మూసుకుని చెయ్యి చాచాడు. నూకరత్నం సీసా తెచ్చి చేతిలో పెట్టింది. ఆయనే లక్క గిల్లి, ఆయనే మూత తిప్పాడు. మందాకిని ముక్కని కుళాయి కింద బాగా కడిగి ఆయన ఎడమ అరచేతిలో పెట్టింది.

"గట్టిగా పట్టుకోండి. నొప్పేస్తే గుప్పిట పైకెత్తండి, వెంటనే ఆపేస్తాను."

గుప్పిట మూయబోతూ సాంబమూర్తి ముక్కని దగ్గరగా పెట్టుకుని చూశాడు. నంబరు వేయించాడు, పట్టికతో పోల్చాడు, రంపం పెట్టాడు గానీ దాన్ని చూడడం అదే మొదలు. "ఇందులో ఏనుగు తొండం ఉందండీ" అన్నాడు.

"మిగతా ఏనుగు కొంత మీ బీరువాలో, కొంత ప్రయోగశాలలో ఉందండి" అంది మందాకిని. "నోరు తెరవండి."

ఆయన తెరిచాడు. మధ్యలో రెండుసార్లు గుప్పిట లేచింది. రెండుసార్లూ ఆవిడ ఆపింది. ఆపకుండా కానిచ్చేస్తే ఎలా ఉంటుందో అనిపించకపోలేదు గానీ, ఆ గుప్పిట చూస్తే చెయ్యి ముందుకి సాగలేదు. పన్ను వచ్చేసింది. నోట్లో దూది పెట్టి, ఇవాళ మాట్లాడొద్దని చెప్పి పంపించింది. ఆయన కుడిచేత్తో నమస్కారం పెట్టి జీపెక్కాడు.

నూకరత్నం గ్లాసు వంక చూసి, సీసా వంక చూసి, గుమ్మంలోకి పరిగెత్తింది. అప్పటికే జీపు మలుపు తిరిగిపోయింది.

"చూశారాండీ! చంటిపిల్లలు కూడా తిరిగిచ్చేత్తారండి!" అంది వగరుస్తూ.

నాలుగో నాడు వీర్రాజు కాగితం పట్టుకొచ్చాడు. ఇచ్చి, గోడ వంక చూస్తూ నిలబడ్డాడు. తనిఖీలో లెక్క చూడగా పార్టీ ఆధీనంలో ఉండవలసిన మూడవ భాగము సీలు విప్పబడినట్లును, సదరు భాగము కానరానట్లును తెలియవచ్చినది, ఎక్కడ ఉన్నదో వెంటనే సంజాయిషీ ఇయ్యవలెను అని ఉంది. కింద సాంబమూర్తి సంతకం. కాగితాన్ని నొక్కిపట్టాల్సిన ఎడమ చెయ్యి ఖాళీ లేనట్టు సంతకం పక్కకి జారిపోయింది.

"సారు ఎలా ఉన్నారు?" అని అడిగింది మందాకిని.

"వాపు తగ్గిందండి. కానీ ఒంటిచేత్తోనే పని చేత్తన్నారండి. టీ కూడా ఒంటిచేత్తోనే తాగుతున్నారండి. ఎందుకో అడిగే ధైర్యం లేక ఊరుకున్నావండి."

కుర్చీలో హిమజ కూర్చుని ఉంది. రెండో పక్క పన్ను కదులుతోందని తీసుకొచ్చారు. "నేరేడు ఇటుకేదండీ?" అంది.

"ఒకాయనకి ఇచ్చానమ్మా."

"ఆయనకీ భయమేసిందా?"

"చాలా" అంది మందాకిని. తన చిటికెన వేలు ఆ పిల్ల గుప్పిట్లో పెట్టింది. ఇంకో చేత్తో కాగితం వెనక్కి తిప్పి జవాబు రాసి, మూడు ప్రతులు తీయించమని నూకరత్నానికిచ్చింది.

అందులో ఇలా ఉంది: 'ఆర్యా, మూడవ భాగము తమ ఎడమ గుప్పిట్లో ఉన్నది. నొప్పి తగ్గిన పిమ్మట తిరిగి గ్లాసులో వేయవలసినదిగా ప్రార్థన. పిల్లలందరూ అలాగే చేస్తారు.'